బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఎంత పెట్రోలు పోతుంది?

మీరు అడిగినదాని సారాంశం ఇది. ఐదేళ్ల నాటి మాన్యువల్ గేర్ల పెట్రోలు కారు మొదట్లో లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 13కు పడిపోయింది; మీ ప్రయాణం సగం ఊళ్లోనూ సగం హైవే మీదా సాగుతుంది. ట్యాంకులో కలిపే ద్రావకాలు పనిచేస్తాయా, ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు పోయిస్తే మేలా, దిగుడులో న్యూట్రల్‌లో వదిలితే కలిసివస్తుందా, ఏసీ వాడటం మానేయాలా అని తెలుసుకోవాలనుకుంటున్నారు. నేను చాలాకాలం వర్క్‌షాపులో పనిచేసి, ఆ తరువాత డ్రైవింగ్ నేర్పడంలో స్థిరపడినవాణ్ణి కాబట్టి ఈ విషయాన్ని యంత్రం వైపు నుంచీ, నడిపేవారి వైపు నుంచీ చూసే అవకాశం నాకు దొరికింది. మీ నాలుగు ప్రశ్నలకూ సమాధానం చెబుతాను, కానీ మీరు అడగని ఐదో ప్రశ్న వాటన్నిటికంటే పెద్దది: ఒక్కో ప్రయాణంలో మీరు ఎన్నిసార్లు బ్రేకు నొక్కుతున్నారు?

ఈ ప్రశ్న ఎందుకు పెద్దదో చిన్న లెక్కతో చూపిస్తాను. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు దానిలో సుమారు 167 కిలోజౌళ్ల గతిశక్తి ఉంటుంది. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, అందులో చాలా భాగం సైలెన్సర్ గుండానూ రేడియేటర్ గుండానూ వేడిగా బయటికి పోతుంది, కొంత ఇంజన్ లోపలి రాపిడికి ఖర్చవుతుంది; చక్రాల దాకా చేరేది సుమారు నాలుగో వంతు, అంటే 8 మెగాజౌళ్లు. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే, కారును నిలకడ నుంచి 60 వేగానికి తీసుకురావడానికి గతిశక్తి రూపంలోనే 20 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. ఎదురుగా ఎర్ర దీపం కనిపించాక కూడా యాక్సిలరేటర్ మీద కాలు ఉంచి, దగ్గరికి వెళ్లాక గట్టిగా బ్రేకు నొక్కితే ఆ 20 మిల్లీలీటర్లూ బ్రేకు ప్లేట్ల వేడిగా మారిపోతాయి. దగ్గు మందు సీసా మూతతో కొలిస్తే రెండు మూతలు, అంతే. కానీ అలా 50 సార్లు ఆగితే లీటరు పోయినట్లే, ఊళ్లో 50 సార్లు ఆగడానికి రెండు మూడు రోజులు చాలు. గతిశక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది కనుక 80 వేగం నుంచి ఆగితే పోయేది 20 కాదు, 36 మిల్లీలీటర్లకు పైనే.

అందుకే నా దగ్గర నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది కాలి గురించి కాదు, కంటి గురించి. ముందున్న బండి వెనక దీపాన్ని చూస్తూ నడిపేవారు అది వెలిగినప్పుడల్లా బ్రేకు నొక్కవలసిందే. ఆ బండిని దాటి, దానికి ముందున్న మూడు నాలుగు బండ్లనూ, వీలైతే 300 మీటర్ల అవతలి సిగ్నల్‌నూ చూస్తూ నడిపేవారికి ఆగవలసిన అవసరం ముందే తెలుస్తుంది. వారు అక్కడే యాక్సిలరేటర్ వదిలేస్తారు, కారు తనంతట తాను నెమ్మదిస్తుంది, సిగ్నల్ చేరేసరికి చాలాసార్లు ఆకుపచ్చ దీపం వచ్చేస్తుంది. పూర్తిగా ఆగి మళ్లీ 60కి చేరడానికీ, 30 వేగంతో చేరుకుని అక్కడి నుంచి 60కి పెరగడానికీ మధ్య గతిశక్తిలో నాలుగో వంతు మిగులుతుంది. అన్నిటికంటే బరువైన మొదటి గేరు కదలిక కూడా తప్పుతుంది. ముందు బండికీ మీకూ మధ్య కనీసం మూడు సెకన్ల ఎడం ఉంచితే ఇది సాధ్యమవుతుంది. ఆ ఎడంలోకి ఎవరో ఒకరు దూరుతారన్నది నిజమే, దూరనివ్వండి. యాక్సిలరేటర్‌ను కొద్దిగా తగ్గించి ఆ ఎడాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి పట్టే పెట్రోలు దాదాపు ఏమీ లేదు, ఎడం లేకుండా అతుక్కుని వెళ్తే పడే బ్రేకుల ఖర్చే ఎక్కువ. ఇదే కారణంతో పెద్ద లారీ వెనక గాలి చాటున నడిపితే ఆదా అవుతుందనే సలహాను మాత్రం దయచేసి ఎప్పుడూ పాటించకండి. గాలి చాటు నిజమే, కానీ అది పనిచేసేంత దగ్గరలో లారీ బ్రేకు వేస్తే స్పందించడానికి మనిషికి సమయం ఉండదు.

ఇక్కడే మీ న్యూట్రల్ ప్రశ్నకు సమాధానం ఉంది. కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే పాత పరికరం) ఉన్న పాత కార్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ కొంత పెట్రోలు పీలుస్తూనే ఉండేది, అందుకని దిగుడులో న్యూట్రల్ చేయమని పెద్దలు చెప్పిన మాటకు ఆ రోజుల్లో కొంత అర్థం ఉండేది. మీ కారులో పెట్రోలును పంపేది కంప్యూటర్ అదుపులో ఉన్న ఇంజెక్టర్లు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, ఇంజన్ వేడెక్కి ఉండి దాని వేగం ఐడ్లింగ్ (కారు కదలకుండా ఇంజన్ ఊరికే తిరగడం) కంటే తగినంత ఎక్కువగా ఉన్నంతసేపూ కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసివేస్తుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్ చేసిన మరుక్షణం ఇంజన్‌ను తిప్పేవారు ఉండరు కాబట్టి అది ఆగిపోకుండా పెట్రోలు పోయక తప్పదు. ఐదు కిలోమీటర్ల దిగుడును 50 వేగంతో న్యూట్రల్‌లో దిగితే ఆరు నిమిషాల ఐడ్లింగ్‌కు 75 మిల్లీలీటర్ల వరకు ఖర్చవుతుంది, గేరులో దిగితే దాదాపు ఏమీ కాదు. అంతకంటే ముఖ్యమైనది ప్రాణం. న్యూట్రల్‌లో ఇంజన్ నిరోధం ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు కోల్పోవచ్చు. ఇంజనే ఆపేసి దిగేవారిని కూడా చూశాను. అలా చేస్తే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు నొక్కులతో అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, తాళం వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు. ఏ లెక్కలోనూ ఆ ఆదా ఆదా కాదు.

గేర్ల విషయంలో రెండు అపోహలు ఉన్నాయి. ఒకటి, ఎంత మెల్లగా వేగం పెంచితే అంత మంచిదన్నది. నిజానికి పెట్రోలు ఇంజన్ బాగా పనిచేసేది తక్కువ తిరుగుడులో, కాస్త ఎక్కువ భారం మోసేటప్పుడు. యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి మాత్రమే నొక్కినప్పుడు గాలి దారి సగం మూసుకుని ఉంటుంది, ఆ సందులోంచి గాలిని పీల్చుకోవడానికే ఇంజన్ కొంత శక్తిని ఖర్చు చేస్తుంది. కాబట్టి మరీ పాకకుండా, పెడల్‌ను మధ్యస్థంగా నొక్కి, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య గేరు పెంచుకుంటూ వీలైనంత త్వరగా పై గేరులోకి చేరి, అక్కడ కాలు తేలిక చేయడమే సరైన పద్ధతి. డీజిల్ కార్లలో ఈ మార్పు 1,500 నుంచి 2,000 మధ్యనే చేయవచ్చు. రెండో అపోహ, ఐదో గేరులో ఎంత తక్కువ వేగంతో వెళ్తే అంత లాభమన్నది. ఇంజన్ మూలుగుతూ, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తూ ఉంటే గేరు తగ్గించి తీరాలి. ముఖ్యంగా చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో తక్కువ తిరుగుడులో పెడల్ గట్టిగా నొక్కితే స్పార్క్ కంటే ముందే ఇంధనం అంటుకుని పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

హైవే మీద కథ మారుతుంది. అక్కడ బ్రేకులు తక్కువ, గాలి ఎక్కువ. టైర్ల రాపిడి వేగంతో పెద్దగా మారదు కానీ గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. మామూలు కారులో 60 వేగం దగ్గర ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి, ఆ పైన గాలిదే పైచేయి. 80 నుంచి 100కు వెళ్తే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది, 120కి వెళ్తే రెండుంపావు రెట్లవుతుంది. టైర్ల రాపిడినీ, భారం పెరిగినప్పుడు ఇంజన్ సామర్థ్యం కొంత మెరుగుపడటాన్నీ లెక్కలోకి తీసుకున్నా, 80కీ 100కీ మధ్య పెట్రోలు ఖర్చులో ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా తేడా సాధారణంగా కనిపిస్తుంది. బదులుగా మీకు దక్కేది 100 కిలోమీటర్ల దూరంలో పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు మీకు అవసరమైన రోజులు ఉంటాయి, వాటిని నేను కాదనను. అవసరం లేని రోజున కూడా అలవాటుగా 100 మీద వెళ్లడమే నాకు బాధ కలిగించే విషయం. ఎదురుగాలిని కూడా గుర్తుంచుకోండి: 20 వేగంతో గాలి ఎదురు వీస్తుంటే 80లో వెళ్లే కారును తాకేది 100 వేగపు గాలి. మీ కారులో క్రూయిజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని తనంతట తానే నిలబెట్టే ఏర్పాటు) ఉంటే చదునైన రోడ్డు మీద వాడండి, ఎగుడుదిగుళ్లలో వద్దు. ఎక్కుడులో వేగం కాస్త తగ్గనిచ్చి దిగుడులో తిరిగి అందుకోవడం మనిషికి తెలుసు, పాత తరహా క్రూయిజ్ కంట్రోల్‌కు తెలియదు.

ఏసీ ప్రశ్నకు ఈ గాలి లెక్కే ఆధారం. ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు కిటికీలు దించితే గాలి నిరోధం పెద్దగా పెరగదు, ఏసీ కంప్రెసర్ మాత్రం కారు కదిలినా కదలకపోయినా శక్తి తీసుకుంటూనే ఉంటుంది. కాబట్టి వాతావరణం అనుకూలిస్తే అక్కడ కిటికీలు మేలు. హైవే వేగంలో తెరిచిన కిటికీలు గాలిని లోపలికి మళ్లించి కారును వెనక్కి లాగుతాయి, అక్కడ అద్దాలు ఎత్తి ఏసీని మితంగా వాడటమే మంచిది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీని పూర్తిగా పెట్టేయకుండా, ముందు ఒక నిమిషం అద్దాలన్నీ దించి వేడి గాలిని బయటికి పంపి, ఆ తరువాత ఏసీ వేసి, లోపల చల్లబడ్డాక అదే గాలి తిరిగే మీటను నొక్కండి. ఉక్కపోతలో ఏసీ ఆపుకుని అలసిపోతూ నడపమని నేను చెప్పను. అలసిన డ్రైవరు ముందుచూపు తగ్గుతుంది, బ్రేకులు పెరుగుతాయి, ప్రమాదమూ పెరుగుతుంది.

ఆగి ఉన్నప్పటి ఖర్చును చాలామంది పట్టించుకోరు. చిన్న పెట్రోలు కారు ఐడ్లింగ్‌లో గంటకు సుమారు ముప్పావు లీటరు తాగుతుంది, ఏసీ నడుస్తుంటే ఇంకా ఎక్కువ. రోజుకు పదిహేను నిమిషాలు అలా గడిస్తే నెలకు 25 రోజుల్లో నాలుగున్నర లీటర్ల పైచిలుకు ఒక్క మీటరు కూడా కదలకుండా అయిపోతుంది. వేడెక్కిన ఇంజన్‌ను తిరిగి స్టార్ట్ చేయడానికి పట్టే ఇంధనం పది సెకన్ల ఐడ్లింగ్‌కు మించదు, కానీ ఆటోమేటిక్‌గా ఆగి స్టార్ట్ అయ్యే ఏర్పాటు లేని కార్లలో స్టార్టర్ మోటారునూ బ్యాటరీనీ దృష్టిలో పెట్టుకుని అర నిమిషం దాటి ఆగవలసి వస్తుందని తెలిస్తే ఆపమంటాను. పొద్దున్నే ఇంజన్‌ను నిలబెట్టి ఐదు నిమిషాలు వేడి చేసే అలవాటు కూడా మీకు ఉంటే మానేయండి. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజన్ అంతకంటే త్వరగా వేడెక్కుతుంది. చల్లని ఇంజన్‌కు కంప్యూటర్ అదనపు పెట్రోలు పంపుతుంది, ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది, అందుకే మూడు వేర్వేరు వేళల్లో చేసే మూడు చిన్న ప్రయాణాల కంటే, మూడు పనులనూ ఒకే చుట్టులో ముగించుకునే ప్రయాణం తక్కువ తాగుతుంది.

టైర్ల గాలి గురించి అందరూ చెబుతారు, కానీ కొలిచే పద్ధతి చెప్పరు. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండి టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీ మీద ఉంటుంది, టైరు గోడ మీద ముద్రించిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం మాత్రమే. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గినకొద్దీ మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. పది తగ్గితే రెండు శాతం. ఇది చిన్న అంకెలా కనిపించినా గాలి తక్కువైన టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది కనుక నెలకొకసారి కొలవడం తప్పనిసరి. పట్టీ మీది అంకెకు మించి కొట్టించి ఆదా చేయాలని చూడకండి, టైరు మధ్య భాగం అరిగి బ్రేకు పట్టు తగ్గుతుంది. డిక్కీలో ఊరికే మోస్తున్న సామాను 45 కిలోలుంటే ఒక శాతం ఖర్చు. కారు పైన ఖాళీగా ఉన్న సామాను పెట్టె అంతకంటే చాలా ఎక్కువ తినేస్తుంది, హైవే మీద 6 నుంచి 17 శాతం వరకు అని అదే శాఖ చెబుతోంది. ప్రయాణం అయిపోయిన రోజే దాన్ని దించేయండి.

ట్యాంకులో కలిపే ద్రావకాలు, ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతాల విషయంలో నా మాట సూటిగా చెబుతాను: కొనకండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి పరికరాలనూ ద్రావకాలనూ వందకు పైగా పరీక్షించగా, వాటిలో అతి కొద్దివి మాత్రమే, అదీ నామమాత్రంగా మైలేజీ పెంచాయి. ఇక ఆక్టేన్ అనేది పెట్రోలులో ఉన్న శక్తికి కొలత కాదు, ఒత్తిడిలో ముందుగా అంటుకోకుండా నిలబడే గుణానికి కొలత. మీ కారు పుస్తకంలో ఎంత ఆక్టేన్ రాసి ఉందో అంత పోయిస్తే చాలు, అంతకు మించినదాన్ని వాడుకునే ఏర్పాటు ఆ ఇంజన్‌లో ఉండదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు మాత్రం నిజంగా తేడా చూపుతుంది, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. 10 శాతం కలిస్తే మైలేజీ దాదాపు 3 శాతం తగ్గడం సహజం. గత ఐదేళ్లలో మీరు పోయించే పెట్రోలులో ఇథనాల్ శాతం పెరిగి ఉంటే, పడిపోయిన మైలేజీలో కొంత భాగం దాని వల్లనే.

ఇక 16 నుంచి 13కు పడిపోవడం. 100 కిలోమీటర్లకు చూస్తే ఇది 6.25 లీటర్ల నుంచి 7.7 లీటర్లకు పెరగడం, అంటే 23 శాతం అదనపు ఖర్చు; మీ దారీ అలవాట్లూ మారకపోతే ఇంత తేడా కారులో లోపాన్నే అనుమానించమంటుంది. ముందు ఆ 13 నిజమా కాదా తేల్చుకోండి. డ్యాష్‌బోర్డు చూపే సగటును నమ్మకుండా, ట్యాంకు నిండా పోయించి, గొట్టం తనంతట తాను ఆగిన మొదటిసారే ఆపి, ట్రిప్ మీటరును సున్నా చేసి, మళ్లీ నిండా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన కిలోమీటర్లను భాగించండి. ఒక్క ట్యాంకు లెక్క చాలదు, వరుసగా మూడు ట్యాంకులు చూడాలి.

అంకె నిజమని తేలితే, ఎయిర్ ఫిల్టర్ మార్చమని ఎవరైనా మొదట చెబుతారు. కంప్యూటర్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ చెప్పుకోదగినంత తగ్గదని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో తేలింది. ఇంజన్ ఆరోగ్యం కోసం మార్చండి, కానీ మీ జబ్బు అది కాదు. నేనైతే మొదట బ్రేకులు చూస్తాను. మైలేజీ పడిపోయిందని నా దగ్గరికి వచ్చిన ఒక కారుకు అంతకు ముందు వేరే చోట స్పార్క్ ప్లగ్గులూ ఫిల్టర్లూ ఇంజెక్టర్ల శుభ్రతా అన్నీ చేయించారు, ఫలితం లేదు. కారును జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. కాలిపర్ పిస్టన్ (బ్రేకు ప్లేట్లను చక్రం డిస్కు మీద నొక్కే భాగం) తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు, డ్రైవరు బ్రేకు వదిలినా ఆ చక్రం వదలడం లేదు. మీరు ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు: బ్రేకు చాలా తక్కువగా వాడుతూ పది పదిహేను నిమిషాలు నడిపి ఆపాక, ముట్టుకోకుండా ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి, నాలుగింటిలో ఒకటి మిగతావాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్లే. హ్యాండ్ బ్రేకు తీగ సరిగా వదలకపోతే వెనక చక్రాలు రెండూ వేడెక్కుతాయి. స్టీరింగ్ ఒకవైపు లాగుతున్నా, టైర్లు ఒక అంచున ఎక్కువ అరిగినా వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

చక్రాలు తేలికగా తిరుగుతుంటే ఇంజన్ వైపు వెళ్లండి. పావుగంట నడిపాక కూడా ఉష్ణోగ్రత ముల్లు మామూలు స్థాయికి చేరకపోతే థర్మోస్టాట్ (రేడియేటర్‌కు వెళ్లే నీటిని అదుపు చేసే కవాటం) తెరుచుకుని ఉండిపోయిందన్నమాట. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనపు పెట్రోలు పంపుతూనే ఉంటుంది, ఇది చవకగా బాగయ్యే లోపం. డ్యాష్‌బోర్డులో ఇంజన్ దీపం వెలుగుతుంటే ఆక్సిజన్ సెన్సర్ పాడై ఉండవచ్చు, అలాంటి తీవ్రమైన లోపాన్ని సరిచేస్తే మైలేజీ 40 శాతం వరకు మెరుగుపడిన సందర్భాలు ఉంటాయి. దీపం వెలగకపోయినా ఒకసారి స్కానర్ పెట్టించి, ఇంజన్ వేడెక్కాక ఇంధన సవరణ శాతాలు (కంప్యూటర్ మామూలు కంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు పంపుతోందో చెప్పే అంకెలు) ఎలా ఉన్నాయో చూపించమని అడగండి. అవి సున్నాకు అటూ ఇటూ ఐదు లోపల ఉంటే ఇంధన వ్యవస్థ సరిగా ఉన్నట్లు, పదికి మించి ఒకే వైపు నిలబడితే సెన్సర్లలోనో ఇంజెక్టర్లలోనో గాలి చొరబాటులోనో లోపం వెతకాలి. చివరిసారి ఆయిల్ మార్చినప్పుడు పుస్తకంలో రాసిన గ్రేడే పోశారా లేక చేతికి దొరికిన చిక్కటిది పోశారా అన్నది బిల్లులో చూడండి, దాని వల్ల ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. బ్రేకు పరీక్ష ఫలితమూ, మూడు ట్యాంకుల లెక్కా, స్కానర్‌లో కనిపించిన అంకెలూ రాసి పంపితే తరువాత ఏది విప్పి చూడాలో చెప్పగలను.